కట్టెల బాయిలర్‌కు పైపు కలిపిన వారం

మా అత్తమ్మకు నా మీద ఉన్న ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పాతది, నాకు నీళ్ళు కాచడం రాదన్నది. "నువ్వు కాచిన నీళ్ళకు కోడి బొచ్చు గూడ ఊడది" అంటుంది. కూరలో ఉప్పెక్కువైందన్నా, ఇల్లు ఊడ్చిన తీరు బాగాలేదన్నా నేను పట్టించుకోను. నీళ్ళ మాట ఎత్తితే మాత్రం నాకు ఎక్కడలేని కోపం వస్తుంది. ఎందుకు రాదు? కాచేది నేను, మోసేది నేను, ఆమె ఒంటిమీద చెంబుతో పోసేది నేను. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఉత్తమురాలినయ్యే యోగం నాకింకా పట్టలేదు, పట్టాలని కోరుకోవడం కూడా ఎప్పుడో మానేశాను.

మాది పినపాక నుంచి అడవి వైపు పోయే రోడ్డు మీద ఒక ఊరు. ఇంటి వెనక మా పత్తి చేను, చేను దాటితే అడవి. దీపావళి వెళ్ళిందంటే చాలు, సాయంత్రం అయిదింటికే అటునుంచి చలి లేచి వస్తుంది. పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు వేసుకున్నప్పుడు నేను పట్టుబట్టి బాత్రూంలో టైల్స్ వేయించాను, గీజర్ పెట్టించాను, దాని వేన్నీళ్ళు వంటింటి కుళాయికి కూడా వచ్చేలా గోడల్లోంచి పైపులు వేయించాను. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి ఆ కుళాయి తిప్పి చూసి వెళ్ళారు. ఆ వైభోగం కొన్నాళ్ళే. పొద్దున్నే ఊళ్ళో బోరు మోటార్లన్నీ ఒక్కసారి మొదలవుతాయి. అప్పుడు వోల్టేజీ పడిపోయి మా గీజర్‌కు ఎర్ర లైటు వెలుగుతుంది, అంతే. నీళ్ళు మాత్రం బావిలోంచి తోడినట్టే ఉంటాయి.

మాకైతే సరే, ఎలాగోలా రెండు చెంబులు గుమ్మరించుకుని బయటపడతాం. అత్తమ్మకు అలా కాదు. ఆ మధ్య ఊరంతా కీళ్ళ జ్వరాలు వచ్చాయి. మా అందరికీ తగ్గిపోయింది, ఆమెకు మాత్రం నొప్పులు చేతివేళ్ళలో ఉండిపోయాయి. చలికాలం పొద్దున లేస్తే వేళ్ళు వంగవు. జాకెట్ హుక్కులు పెట్టుకోలేదు, చాయ్ గ్లాసు పట్టుకోలేదు. మోచేతుల దాకా, భుజాల మీద, బాగా కాగిన నీళ్ళు పోస్తే అప్పుడు ఒక్కొక్క వేలూ విచ్చుకుంటుంది. అంతదాకా నా మీద కస్సుమంటూ ఉంటుంది. ఆ తర్వాత కూడా కస్సుమంటుంది కానీ నవ్వుతూ అంటుంది.

అందుకని నేను పెరట్లో మళ్ళీ మూడు రాళ్ళు పెట్టి కట్టెల పొయ్యి మొదలుపెట్టాను. పెద్ద కాగులో నీళ్ళు కాచి, బకెట్‌లో పోసుకుని, పెరటి మెట్లెక్కి, వంటిల్లు దాటి, నడవా దాటి బాత్రూం దాకా మోయాలి. నేనే మోజుపడి వేయించిన టైల్స్ మీద నుంచే మోయాలి. ఒక ఆదివారం ఖమ్మం నుంచి మా బావ, అంటే మా ఆయన అన్న, వాళ్ళమ్మను చూడటానికి వచ్చిన పూటే నా కాలు జారింది. నేను కూలబడ్డాను, బకెట్ బోర్లాపడింది, పొగలు కక్కే నీళ్ళు నడవాలో పరిగెత్తుకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చున్న అత్తమ్మ పాదాల దగ్గర ఆగాయి. ఆమె కాళ్ళు పైకెత్తుకుని "నీళ్ళు గిప్పుడు మంచిగ కాగినయి" అంది.

బావ నవ్వలేదు. నన్ను లేపి కూర్చోబెట్టాడు, నీళ్ళు తుడిచాడు, తమ్ముణ్ణి పెరట్లోకి పిలిచి మాట్లాడాడు. తిరిగి లోపలికి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, ఇగ చాలు. వచ్చే ఆదివారం కారు తెస్త. చలికాలమంత మా దగ్గరనే ఉందువు. మా ఇంట్ల గ్యాస్ గీజర్ ఉన్నది, ఇట్ల తిప్పితే అట్ల మసిలే నీళ్ళు వస్తయి."

"మంచిది బిడ్డా" అంది అత్తమ్మ.

ఆమె గొంతు విన్నవాళ్ళెవరైనా సంతోషంగా ఒప్పుకుందనే అనుకుంటారు. నాకు తెలుసు కదా. పోయిన చలికాలం ఒకసారి వెళ్ళి వచ్చింది. మా బావా, మా తోటికోడలూ ఆమెను సరిగ్గా చూడరని కాదు. బంగారంలా చూసుకుంటారు. అదే ఆమెకు కష్టం. కూర్చోబెట్టి చూసుకుంటారు. ఇక్కడైతే మిరపకాయలు ఎండబోసిన చోట కోళ్ళను తోలుతుంది, పత్తి ఏరేవాళ్ళ మీద అరుస్తుంది, రోడ్డున పోయే ప్రతి మనిషినీ ఆపి ఎటు పోతున్నావని అడుగుతుంది. అక్కడ అపార్టుమెంట్‌లో కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకొకరి కిటికీ. "గా కిటికీల ఒక ముసలాయన ఉండె. నేను ఆయన్ని సూసుడు, ఆయన నన్ను సూసుడు. ఇద్దరికీ పని లేదు" అని వచ్చాక చెప్పింది. అయినా పెద్దకొడుకు నోరు తెరిచి అడిగితే కాదనడం ఆమెకు చేతకాదు. చిన్నప్పుడు అతన్ని మేనమామ ఇంట్లో ఉంచి చదివించారట. ఆ దిగులు ఆమెకు ఇంకా పోలేదు.

ఆమె వెళ్ళడం నాకూ ఇష్టం లేదు. ఈ మాట ఎవరికైనా చెబితే నవ్వుతారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి మేమిద్దరం మాట మాట అనుకుంటూనే ఉంటాం. పోయిన ఏడాది ఆమె లేనప్పుడు మొదట్లో ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అని సంబరపడ్డాను. తర్వాత వంటింట్లో నిలబడి కూరలో ఉప్పు వేసి, ఎవరూ ఏమీ అనకపోతే, నాకు ఏడుపు వచ్చింది. నిజంగానే వచ్చింది.

ఆ సాయంత్రం మా ఆయన అటక మీదున్న రాగి బాయిలర్‌ను దించాడు. మా మామగారి కాలంలో పెళ్ళిళ్ళప్పుడు వాడేవారు. నడుమెత్తు రాగి పీపా, మధ్యలో పొగగొట్టం, కింద కట్టెలు పెట్టే నోరు, గొట్టం చుట్టూ నీళ్ళు. పైన చన్నీళ్ళు పోస్తుంటే పక్కనున్న మూతిలోంచి వేన్నీళ్ళు వస్తాయి.

"దీన్ని బాత్రూం గోడ వెనక పెడ్త" అన్నాడు. "టాంకి నుంచి చన్నీళ్ళ పైపు దీనికి ఇస్త. దీని వేన్నీళ్ళు తెచ్చి గీజర్ పైపుకు కలుపుత. కుళాయి తిప్పితే కట్టెల మీద కాగిన నీళ్ళు వస్తయి. నువ్వు మోసేది లేదు, జారేది లేదు. అయిపాయె."

మా ఆయన 'అయిపాయె' అన్న పని ఏదీ అయిపోగా నేను చూడలేదు. మోటారు స్టార్టర్ విప్పి మళ్ళీ బిగించడం వచ్చు కాబట్టి లోకంలో విప్పి బిగించేవన్నీ తనకు వచ్చనుకుంటాడు. కానీ ఆ పూట నేను నోరెత్తలేదు. ఆదివారంలోగా పైపులో మసిలే నీళ్ళు వస్తే బావకు తీసుకెళ్ళే కారణం ఉండదు. "అన్నకు ముందుగాల చెప్పకు, పని అయినంక చూపిద్దాం" అన్నాడు. సరేనన్నాను.

బాయిలర్ పైమూత అతికించి, పైపులు బిగించడానికి మరలు పెట్టించాలంటే రాగిపని చేసేవాళ్ళ దగ్గరికి ఖమ్మం వెళ్ళాల్సిందే. బస్సులో పోయాం. ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, నేను ఆధార్ కార్డు చూపించి దర్జాగా కూర్చున్నాను. మా ఆయనకూ బాయిలర్‌కూ కండక్టరమ్మ టికెట్లు కొట్టింది. కొత్తగూడెం దాటాక బస్సు కిక్కిరిసింది. ఒక పెద్దమనిషి మా ఆయన ఒళ్ళో ఉన్న బాయిలర్‌ను చూసి "పెండ్లి ఎవరిది?" అని అడిగాడు. పత్తి మార్కెట్ దగ్గర దిగి రాగిపాత్రల దుకాణానికి పోయేదాకా, బావ ఎదురుపడితే ఏం చెప్పాలా అని మా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నడిచాం. సొంత అన్న ఉండే ఊళ్ళో దొంగల్లా తల దించుకుని తిరిగి, పని చేయించుకుని సాయంత్రం బస్సెక్కాం.

మర్నాడు బిగించడం మొదలైంది. మా ఆయన బోరు పనిలో మిగిలిన తెల్ల పైపు ముక్కలు ఏరి తెచ్చాడు. వేన్నీళ్ళకు వేరే పైపు ఉంటుందేమో అన్నాను. "పైపంటే పైపే" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పొయ్యి రాజేసి నీళ్ళు కాగేసరికి ఆ పైపు మెత్తబడి, గోడ పొడవునా బట్టలు ఆరేసే తాడులా వేలాడింది. కాసేపటికి అతుకు దగ్గర ఊడి వేన్నీళ్ళన్నీ కరివేపాకు చెట్టుకు పోయాయి. అత్తమ్మ వరండాలో కూర్చుని అంతా చూస్తోంది. "చెట్టుకు స్నానమైంది, ఇగ నాకెప్పుడు?" అంది.

వేడికి ఆగే పైపు మణుగూరు నుంచి తెచ్చి మళ్ళీ కలిపాడు. ఈసారి ఎక్కడా కారలేదు, ఊడలేదు. నేను కూడా మెచ్చుకోబోయాను. కానీ బాత్రూంలో కుళాయి తిప్పితే సన్నటి ధార తప్ప రావడం లేదు. వేన్నీళ్ళు ఎటు పోతున్నట్టు? మా ఆయన తలగోక్కుని, కాసేపు ఆలోచిద్దామని లెట్రిన్‌కు వెళ్ళాడు. తర్వాత లోపలినుంచి ఒక కేక వినిపించింది. అట్లాంటి కేక నేను పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎన్నడూ వినలేదు. బాయిలర్‌లో కాగిన నీళ్ళు వచ్చిన దారినే వెనక్కి తన్ని, చన్నీళ్ళ పైపులోకి పోయి, లెట్రిన్‌లోని చేతి పైపులో ఆయన కోసం కాచుకుని ఉన్నాయి.

అత్తమ్మ గోడకు చెయ్యి ఆనించుకుని తలుపు దాకా వెళ్ళింది. "మంచిగ కాగినయా బిడ్డా?" అని అడిగింది. ఇద్దరం అక్కడే నడవాలో కూలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఆమె నవ్వు ఆపుకోలేక నా భుజం మీద వంగని చేత్తో కొడుతూ ఉంది.

నవ్వు అయ్యాక భయం వేసింది. వారం సగం దాటిపోయింది. ప్లంబర్‌ను పిలవమని నేను గట్టిగా చెప్పాను. ఆయన కూర్చోలేక నిలబడే ఫోన్ చేశాడు.

వచ్చినతను పర్ణశాలలో యాత్రికులు దిగే గదులకు నీళ్ళ లైన్లు వేసే మనిషి. చెవికి ఫోనూ, నోట్లో వక్కపొడీ ఉండగానే బాయిలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అన్నా, ఆవిరి పోయే తొవ్వ ఏది?"

"ఆవిరి ఎందుకు పోవాలె? అంత గట్టిగ మూసి అతికించినం" అన్నాడు మా ఆయన గర్వంగా.

"వదినా, అన్నం గిన్నె మీద మూత కట్టేసి పొయ్యి మీద పెడ్తవా నువ్వు?" అని నన్నడిగాడు. పెట్టనన్నాను. "గదే సంగతి. కరెంటు గీజర్ అయితే వేడెక్కంగనే దానంతటదే బందైతది. కట్టెలకు బందయ్యే తెలివి ఎక్కడిది? ఎంత పెడితే అంత మండుతయి."

అని, బాయిలర్ నెత్తి మీద నుంచి ఒక పైపును స్లాబు పైకి, టాంకి కన్నా ఎత్తుకు లేపి, దాని చివర చేతికర్రలాగా వంచి మూయకుండా వదిలేశాడు. నీళ్ళు మరీ మసిలితే ఆవిరీ నీళ్ళూ అందులోంచి బయటికి పోతాయి, బాయిలర్‌కు ఏమీ కాదన్నాడు. దాన్ని ఎన్నడూ మూయొద్దని మా ఆయన చేత ఒట్టు పెట్టించుకున్నంత పని చేశాడు. వేన్నీళ్ళు వెనక్కి తన్నకుండా చన్నీళ్ళ పైపులో ఒక వాల్వ్ పెట్టాడు. గీజర్ దారికి ఒకటి, బాయిలర్ దారికి ఒకటి తిప్పుడు వాల్వులు పెట్టి, ఏది వాడితే అది తెరవాలన్నాడు. అంతా బిగించి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. టాంకిలో చెత్త ఉందన్నాడు, పైపులో గాలి ఉందన్నాడు. మా ఆయన వంగి వంగి చూసి, వెనక్కి తన్నకుండా ఆపే వాల్వ్‌ను ఇతనే తలకిందులుగా బిగించాడని కనిపెట్టాడు. వాల్వ్ మీద బాణం గుర్తు వెనక్కి తిరిగి ఉంది. ఆ ఒక్క బాణంతో మా ఆయనకు పోయిన పరువంతా తిరిగొచ్చింది. సాయంత్రం దాకా ఆ సంగతి చెప్పుకుంటూనే ఉన్నాడు.

శనివారం మొదటిసారి వెలిగించాం. అడవి కట్టె తెస్తే ఫారెస్టోళ్ళతో తంటా. చేలో మన కట్టె మనకుండగా ఎందుకని మా ఆయన కొట్టంలో పడున్న పాత మిరప కట్టె ఒక మోపు తెచ్చి పెట్టాడు. ఎండు చెట్లకు అక్కడక్కడా కాయలు వేలాడుతున్నాయని ఇద్దరమూ చూడలేదు. మిరప పండించే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి చేయదగిన పనా అది? పొగ లేచింది, ఇంట్లో ఒక్కరం మిగల్లేదు. దగ్గుకుంటూ తుమ్ముకుంటూ రోడ్డు మీద పడ్డాం. మా చేలో పనికి వచ్చే గూడెం అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "బాయిలర్ పెట్టిండ్రా, కారం గిర్నీ పెట్టిండ్రా?" అని అడిగింది. మిరప కట్టె అంతా బయటికి లాగేసి, పత్తి కట్టెతో అంటించి, గట్టు మీద కొట్టిన తుమ్మ మొద్దు ఒకటి పొడుగ్గా లోపలికి పెట్టాం. మొద్దు నెమ్మదిగా అంటుకుంది. బాత్రూంలో కుళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్ళు వచ్చాయి. వంటింట్లో కూడా వచ్చాయి. నేను చెయ్యి పెట్టి కాల్చుకుని మరీ చూసుకున్నాను.

"రా అత్తమ్మా, పోసుకుందువు" అన్నాను.

"ఎండ పూటకు నీళ్ళు ఎవలకన్న కాగుతయి. రేపు పొద్దుగాల చూద్దాం" అంది.

ఆమె గదిలోకి వెళ్తే మంచం మీద బట్టల సంచి కనిపించింది. నాలుగు చీరలు మడత పెట్టి ఉన్నాయి. ఆ వేళ్ళతో ఎంతసేపు పెట్టిందో, మడతలన్నీ వంకరగా ఉన్నాయి. నన్ను పిలిస్తే సరిపోయేది, పిలవలేదు. నాకు కోపమూ దుఃఖమూ కలిసి వచ్చాయి. బయటికి వచ్చేశాను.

ఆదివారం తెల్లారేసరికి నేనే లేచి మొద్దును అంటించాను. చలి బాగా ఉంది. అత్తమ్మ కంబళి కప్పుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు కాగనీ అని నేను పాలు పిండటానికి వెళ్ళాను. ఎండ పొడ వచ్చేసరికి బావ కారు వచ్చి గోడ వారన ఆగింది. నేను అత్తమ్మను నడిపించుకుని బాత్రూంలోకి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టాను. ఇంకా చీర విప్పలేదు. ముందు బకెట్ నింపుదామని కుళాయి తిప్పాను.

గోడలో ఏదో గుద్దినట్టు చప్పుడైంది. కుళాయిలోంచి నీళ్ళు రాలేదు, బుస్సుమని ఆవిరి వచ్చింది. వెంటనే కట్టేసి, అత్తమ్మను రెక్క పట్టుకుని బయటికి తెచ్చాను. వెనక్కి వెళ్ళి చూద్దుము కదా, బాయిలర్ గుడగుడమంటోంది. స్లాబు మీద వంకర పైపు నీళ్ళనూ ఆవిరినీ కక్కుతోంది. ఆ నీళ్ళు స్లాబు మీద పారి, తూము గుండా కిందికి దూకి, సరిగ్గా బావ తెల్ల కారు నెత్తి మీద పడుతున్నాయి.

"పైపు దాని పని అది చేస్తున్నది, ఏం కాదు" అన్నాడు మా ఆయన. అన్నాడు కానీ మొహం తెల్లబోయింది.

బావకు కారు సంగతి పట్టలేదు. తల్లి వైపు చూసి, నా వైపు చూసి, తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "ఏందిరా తమ్మీ ఇది? కొరివితో తల గోక్కుంటరా ఎవరన్న? అమ్మ లోపల ఉంటే ఏమయ్యేది? ఇగ ఒక్క మాట వినను. అమ్మా, సంచి ఏది?"

అంతా అయిపోయిందనుకున్నాను. అత్తమ్మ మాత్రం కుర్చీ తెప్పించుకుని బాయిలర్ ముందు కూర్చుంది. వంగి పొయ్యి నోట్లోకి చూసింది. పొద్దున నేను మూరెడు పెట్టిన మొద్దు మొదలంటా లోపల ఉంది.

"కట్టె ఎవలు దోసిండ్రు?" అంది.

మా ఇంట్లో పొయ్యి ముందునుంచి ఎవరూ ఊరికే వెళ్ళరు. వెళ్తూ వెళ్తూ కట్టెను ఒక తోపు తోసి వెళ్తారు. పొయ్యి ఆరిపోకుండా చూడటం ఎవరో ఒకరి పని కాదు, దారిన పోయే అందరి పని. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఒకసారి తోయకుండా దాటితే, "కట్టె నీకు సుట్టం కాదా?" అని అత్తమ్మే అడిగింది. ఆ తర్వాత నా కాలు దానంతటదే అలవాటుపడింది. కాగు కింది పొయ్యికి అది మంచిదే. ఎంత మండినా కాగులో నీళ్ళు తెర్లుతాయి, అంతే.

"నేనే" అన్నాను. పాలచెంబుతో వస్తూ కాలితో ఒక తోపు తోశాను, ఇప్పుడు గుర్తొచ్చింది.

"నేను గూడ దోసిన" అన్నాడు మా ఆయన. పళ్ళు తోముకుంటూ అటు వెళ్ళాడట.

పత్తి ఏరడానికి ఎందరు రావాలో అడుగుదామని వచ్చిన గూడెం అక్క గోడ దగ్గర నిలబడి ఉంది. "నేను రెండుసార్లు" అంది. "చలిగున్నదని చేతులు కాపుకున్న. ఊకె ఎట్ల కాపుకుంటం?"

అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అత్తమ్మ ఇంకా ఎవరికోసమో చూస్తున్నట్టే ఉంది. బావ కాసేపు కారు వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"కారు దిగంగనే పొయ్యి కనవడ్డది అమ్మా. మొద్దు బయటికి ఉండె. దోసిన."

అపార్టుమెంట్‌లో ఇన్నేళ్ళుగా నాబు తిప్పి మంట పెట్టుకునే మనిషి. గూడెం అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు ఎవరు నవ్వారో తెలియదు, చివరికి బావ కూడా నవ్వాడు.

"ఇంతమంది కలిసి దోసి, పొయ్యిని అంటరేంది?" అంది అత్తమ్మ. "లాగుండ్రి బయటికి. ఇయ్యాల్టి నుంచి ఈ కట్టె జోలికి ఎవలు రావొద్దు. నేను గీడనే కూసుంట. నేను చెప్తె దోయాలె, నేను చెప్తె లాగాలె."

మొద్దు లాగారు. పైపు కక్కడం ఆగింది, గుడగుడ తగ్గింది. ఆమె చెవి ఒగ్గి విని, ఇంకా ఆగండంది, ఇంకా ఆగండంది, చివరికి "ఇగ తిప్పు" అంది. వెళ్ళి తిప్పితే కుళాయి నిండుగా వేన్నీళ్ళు వచ్చాయి. చన్నీళ్ళు కలిపి ఆమె భుజాల మీద, చేతుల మీద పోశాను. "ఇంక వేడిగ" అంది. ఇంకా పోశాను. బకెట్ నిండుతూనే ఉంది, నేను ఎక్కడికీ పరిగెత్తనక్కర్లేదు. ఒక్కొక్క వేలూ విచ్చుకోవడం కళ్ళారా చూశాను. బయటికి వచ్చి హుక్కులు తనే పెట్టుకుంది. వరండాలో కూర్చుని చాయ్ గ్లాసు ఒంటిచేత్తో పట్టుకుంది.

బావ అదంతా చూస్తూనే ఉన్నాడు. కోపం పోయింది కానీ ఆయన మనసులో ఇంకో మాట ఉంది. మెల్లగా అన్నాడు.

"నీళ్ళు మంచిగనే వస్తున్నయి అమ్మా, కాదంటలేను. కని, ఇంట్ల పని, చేను పని, పాలు, నీ స్నానం, అన్నీ ఈమె ఒక్కతే ఎంతని చేస్తది? ఆమెకు గూడ ఒళ్ళే గదా. కొన్నాళ్ళు నా దగ్గరుంటె ఆమెకు ఆసరా ఐతది."

నా మంచికే అన్నాడు, కాదనను. కానీ ఆ మాటకు అత్తమ్మ మొహం వాడిపోయింది. నీళ్ళు లేవంటే కాచుకోవచ్చు. నువ్వు బరువయ్యావంటే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? గ్లాసు కింద పెట్టింది. ఇక లేచి సంచి తెచ్చుకుంటుందనుకున్నాను.

"అది నాకు చేసుడేంది?" అంది అత్తమ్మ. "నేను దానికి చేస్తలేనా? నేను పోతె దీని వీపు ఎవలు రుద్దుతరు?"

నేను ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఒక్కరోజు కూడా నా వీపు రుద్దిన పాపాన పోలేదు. బావ నా వైపు తిరిగాడు. అత్తమ్మ నా వైపు చూడలేదు, చేలోకి చూస్తోంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు రెండూ గట్టిగా పట్టుకుని ఉంది.

"అవ్ బావా" అన్నాను. "రోజూ అత్తమ్మే రుద్దుతది. లేకుంటే నాకు స్నానం చేసినట్టే ఉండది."

బావ ఇద్దరినీ చూశాడు. ఆయనకు అర్థమయిందో లేదో నాకు తెలియదు. లేచి, "సరే, నీ ఇష్టం అమ్మా" అన్నాడు. మధ్యాహ్నం కోడికూర తిని, ఎండుమిరపకాయలు కారులో పెట్టించుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ, తన ఇంటి పైపులకు కూడా ఇట్లాంటిది కలపరాదూ అని తమ్ముణ్ణి ఏడిపించాడు. మూడో అంతస్తులో పొగ ఎటు పంపాలో మా ఆయన నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు.

కారు మలుపు తిరిగాక అత్తమ్మ బాత్రూం వైపు నడిచింది. గుమ్మంలో ఆగి నన్ను పిలిచింది.

"ఏమే, నీళ్ళు సల్లారుతున్నయి. లోపటికి రా."

"ఎందుకత్తమ్మా?"

"పెద్దోనికి అబద్దం చెప్పి కూసుంటననుకున్నవా? స్టూలు మీద కూసో."

కూర్చున్నాను. ఆమె కుళాయి తిప్పి చెంబుతో నా వీపు మీద నీళ్ళు పోసింది. తర్వాత చెయ్యి వేసింది. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. పైనుంచి కిందికి, మళ్ళీ పైకి, ఆయాసపడుతూ రుద్దుతోంది. ఆ చేతిలో ఉన్న బలమంతా పెడుతోందని ఆమె ఊపిరిని బట్టి తెలుస్తోంది. నాకు మాత్రం సబ్బు జారుతున్నట్టే ఉంది తప్ప చెయ్యి ఆనినట్టే లేదు. ముందుకు తిరిగి ఉన్నాను కాబట్టి నా ఏడుపు ఆమెకు కనపడలేదు.

"గట్టిగ అయితున్నదా?" అని అడిగింది.

"మెల్లగ అత్తమ్మా" అన్నాను. "మంట పుడుతున్నది."